కరపత్రంలో ముందు నీళ్లు, ఆ తర్వాతే సోలార్

చెన్నై వేళచ్చేరిలో మీరు పంచిన సోలార్ కరపత్రాన్ని మనవాళ్లు 'వాతావరణ మార్పు' అన్న మొదటి లైన్ దగ్గరే మడిచేస్తున్నారన్నారు కదండీ, ఆ లైన్ తీసేయండి. 2015 డిసెంబరులో, మళ్లీ 2023లో మిగ్‌జాం తుఫానుకి వీధుల్లోకి నీళ్లొచ్చిన సంగతితో మొదలుపెట్టండి. అయితే తప్పంతా వాతావరణం మీదకే తోసేయకండి, పక్కనున్న పళ్లికరణై చిత్తడి నేలను పూడ్చి భవనాలు కట్టిన సంగతి వాళ్లకీ తెలుసు, ఒక్కసారి అబద్ధం అనిపిస్తే ఇక మీ మాట వినరు.

తమిళనాడులో ఇళ్లకి రెండు నెలలకి 100 యూనిట్లు ఎలాగూ ఉచితం, కాబట్టి చిన్న బిల్లులవాళ్లకి 'కరెంటు ఆదా' పట్టదు. ఏసీలు నడిచే సొంతింటివాళ్లకి మాత్రం ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టుకునే కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ అని పెద్ద అక్షరాల్లో వేయండి. అద్దెవాళ్లకి వేరే కాగితం కావాలి, ఎండలు, నీళ్ల ట్యాంకర్ల గురించి. ప్రింటుకి ఇచ్చేముందు పక్కింటి పెద్దావిడకి ఒకసారి చదివి వినిపించండి.