టెక్ సందేహాలు: పాత థార్ ఆరోగ్యం ఫోన్ చెబుతుందా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో 2014 మోడల్ థార్ ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నానండి. ఏపీ 31 బండి. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిన బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్స్‌ను ఫోన్‌లో చూపించే పరికరం) తగిలిస్తే ‘నో ఫాల్ట్ కోడ్స్’ అని వచ్చింది. ఇంక ధైర్యంగా అరకు, లంబసింగి వెళ్లిపోవచ్చా? భీమిలి బీచ్‌లో ఇసుక మీద కూడా నడపాలని ఉంది.
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: కోడ్స్ లేవంటే ప్రస్తుతానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మెమరీలో ఫిర్యాదేమీ లేదని మాత్రమే. బండి అమ్మినవాళ్ల దగ్గరా ఇదే స్కానర్ ఉండొచ్చు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్న బండిలో కోడ్స్ చెరిపేసి ఆ లైటు ఆర్పేయడం నిమిషం పని.

దాన్ని పట్టుకునే దారి కూడా యాప్‌లోనే ఉంది. టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌లలో సెన్సర్ల జాబితా తెరిచి ‘డిస్టెన్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్’ అన్న లైను వెతకండి. కోడ్స్ చెరిపిన దగ్గర్నుంచి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అది చెబుతుంది. ఓడోమీటర్ లక్ష దాటి ఉండి, ఇక్కడ 18 అని కనిపించిందంటే మీకు చూపించే ముందు ఎవరో తుడిచారనే అనుమానించాలి. అయితే బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని బండ్లలో ఈ అంకె సున్నా అవుతుంది. కాబట్టి తగాదాకు వెళ్లకుండా ముందు బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి. ఆ లైను అసలు కనిపించకపోతే మీ ఈసీయూ ఆ లెక్క ఇవ్వడం లేదని అర్థం. మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లకు ఓబీడీ-2 నిబంధన 2013 ఏప్రిల్‌లో వచ్చినా, బీఎస్-4 దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్‌లో. ఆ మధ్యలో అమ్మిన బండ్లన్నీ ఈ యాప్‌లతో ఒకేలా మాట్లాడవు.

స్కానర్‌ను నేను కోడ్స్ కన్నా లైవ్ డేటా కోసమే వాడమంటాను. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి సింహాచలం ఘాట్ ఎక్కి దిగి రండి. ఫోన్ పక్క సీటువాళ్ల చేతిలో ఉండాలి, మీ చేతిలో కాదు. కూలెంట్ ఉష్ణోగ్రత సాధారణంగా 85-95 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. ఎక్కేటప్పుడు పెరిగి, దిగేటప్పుడు తగ్గకుండా అలాగే ఉండిపోతే రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ చూపించాలి. సింహాచలంలోనే తడబడే బండి అనంతగిరి ఘాట్‌లో నిలబడదు.

ఇదంతా ఇంజిన్ సంగతి. మీరు ఎక్కువ డబ్బు పెట్టింది ఫోర్ వీల్ డ్రైవ్‌కి కదా! దాని గురించి మీ స్కానర్ ఒక్క ముక్క చెప్పలేదు. ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె), ముందూ వెనకా డిఫరెన్షియల్ హౌసింగుల్లో (ఇరుసు మధ్య గేర్లుండే పెట్టెలు) ఆయిల్ ఎంతుందో, ఎలా ఉందో చెప్పే సెన్సర్ ఏదీ లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసులకు శక్తిని చేర్చే కడ్డీ) క్రాసుల్లో, అంటే కీళ్లలో, గ్రీజు ఎండిపోయినా ఈసీయూకు తెలియదు. పాత యజమాని ఏళ్లపాటు ఊళ్లోనే తిప్పి ఉంటే ముందువైపు హౌసింగ్ ఆయిల్‌ను ఎవరూ ముట్టుకుని ఉండరు. మూడు చోట్లా ఆయిల్ మార్పించండి, క్రాసులకు గ్రీజు కొట్టించండి.

గాజువాక ఆటోనగర్‌లో మెకానిక్‌కి ఇచ్చినా పక్కనే నిలబడండి. ఆయిల్ దించే బోల్టు తీయకముందే, ఆయిల్ పోసే బోల్టు వదులై వస్తుందో లేదో చూడమనండి. అది తుప్పుతో బిగుసుకుపోయి ఉండొచ్చు. కింద ఆయిలంతా దింపేశాక పైది రాకపోతే, పోయడానికి దారి లేక బండి షెడ్డులోనే ఉండిపోతుంది. దింపిన ఆయిల్ నల్లగా ఉంటే కంగారు లేదు. పాలు పోసిన టీలా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. వేడిగా ఉన్న హౌసింగ్ వాగులో దిగి ఒక్కసారిగా చల్లబడితే, పాడైన సీళ్ల నుంచీ బ్రీదర్ (గాలి ఆడే గొట్టం) నుంచీ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. అంటే బండి వాగులో దిగింది, ఆ తరవాత ఆయిల్ ఎవరూ మార్చలేదు. బోల్టు చివర అయస్కాంతం ఉంటే దాన్నీ చూడండి. మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే, ఇనుప పలుకులు కనిపిస్తే మాత్రం విప్పి చూడాల్సిందే.

ఇంకో గ్యాడ్జెట్ కొనాలనుంటే ఓబీడీ కన్నా పనికొచ్చేది ఎండోస్కోప్ కెమెరా. ఫోన్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించే సన్నటి తీగ, చివర చిన్న లెన్సు, చుట్టూ ఎల్‌ఈడీలు. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఛాసిస్‌కు ఉండే రంధ్రాల్లోంచి దాన్ని దూర్చి, మూసి ఉన్న భాగాల లోపలివైపు చూడండి. విశాఖ ఉప్పుగాలికి తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది, బయట పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. కింద కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే నేనైతే ఇంకాస్త ఎక్కువ సేపు చూస్తాను. కమాన్ కట్టలు ఛాసిస్‌కు బిగించే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగినా, పొరలు రాలినా వెల్డింగ్ ఖర్చు లెక్కేసుకోండి.

ఫోర్ వీల్ పనిచేస్తోందో లేదో మట్టి మైదానంలో చూసుకోండి. 4H (ఫోర్ వీల్, మామూలు గేరు) వేసి, స్టీరింగ్ బాగా తిప్పి నెమ్మదిగా నడిపితే బండి కొంచెం పట్టేసినట్టు ఉండాలి. 4L (ఫోర్ వీల్, తక్కువ వేగం, ఎక్కువ బలం) వేయాలంటే పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వేయండి. పొడి తారురోడ్డు మీద మాత్రం రెండూ వద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే దూరం వేరు. ఆ తేడాను సర్దుకునే డిఫరెన్షియల్ వీటి మధ్య లేదు కాబట్టి ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అలాగని వాడకుండా వదిలేయొద్దు. నెలకోసారి మట్టిరోడ్డు మీద కాసేపు నడిపితే లోపల ఆయిల్ ఆడుతుంది.

బీచ్ కోరిక మానుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. మీ ఛాసిస్‌కు కూడా ఉప్పునీళ్లు పడవు.

కాగితాల సంగతి తొందరగా తేలిపోతుంది. ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి. 2014లో రిజిస్టరైన సొంత బండికి 15 ఏళ్ల గడువు 2029లో ముగుస్తుంది. ఫైనాన్స్ ఉన్న బండైతే హైపోథికేషన్ (ఆర్‌సీలో అప్పిచ్చిన సంస్థ పేరు) తీయించారో లేదో చూడండి. పాత ఈ-చలాన్లు ఉంటే అమ్మినవారితోనే కట్టించండి.

ప్రశ్న: అదే స్కానర్ మా తమ్ముడి ఆండ్రాయిడ్‌కి కనెక్ట్ అవుతోంది, నా ఐఫోన్‌కి అవడం లేదు. ఎందుకు?
– గోపాలపట్నం నుంచి

జవాబు: చౌక స్కానర్లలో చాలావరకు పాత తరహా బ్లూటూత్‌తో వస్తాయి. ఐఫోన్‌లో ఈ యాప్‌లకు బ్లూటూత్ లో ఎనర్జీ రకమో, వైఫై రకమో కావాలి. కొనేటప్పుడు ‘ఈఎల్ఎం327 వెర్షన్ 1.5’ అని ఉంటే అది నకలే. ఆ చిప్ తయారుచేసిన కెనడా కంపెనీ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ తీసుకురాలేదు, 2022లో కంపెనీయే మూతపడింది. నకలైనా కోడ్స్ చదవడానికి సరిపోతుంది. పని అయ్యాక మాత్రం తీసేయండి. సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారాలపాటు కదలని బండిలో బ్యాటరీ దిగిపోవడానికి అది చాలు.

ప్రశ్న: పాత స్కార్పియోకి టైరు గాలి చూపించే సెన్సర్లు పెట్టించాలా? క్యాపులా బిగించేవి మంచివా, లోపల పెట్టేవా?
– పెందుర్తి నుంచి

జవాబు: మీకు సముద్రం కాస్త దూరమే అయినా, రోజూ బీచ్‌రోడ్డు మీద తిరిగేవాళ్లకు క్యాపు రకం తలనొప్పి. వాల్వ్‌ది ఒక లోహం, సెన్సర్‌ది మరో లోహం అయితే ఉప్పుతేమకు రెండూ అతుక్కుపోతాయి. విప్పబోతే వాల్వ్ విరుగుతుంది. క్యాపు రకమే కొంటే వాల్వ్ మరల (థ్రెడ్స్) మీద కాస్త సిలికాన్ గ్రీజు రాసి, గాలి కొట్టించినా కొట్టించకపోయినా నెలకోసారి విప్పి బిగించండి. టైర్లు ఎలాగూ మార్చాలనుకుంటే అప్పుడే లోపలి రకం పెట్టించుకోండి. అందుకే ముందు టైర్ల వయసు చూడండి. పక్కన ‘డాట్’ అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం తయారీ. అంత పాత టైర్లకు సెన్సర్లు కొనే డబ్బు కొత్త టైర్లలో వేసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే నాలుగూ ఒకే సైజు, ఒకే బ్రాండు ఉండేలా చూసుకోండి.