మందుల షాపులో ఫార్మసిస్టు తప్పనిసరిగా ఉండాలా?

ఉండి తీరాలి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. డాక్టరు చీటీపై ఇచ్చే మందును రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా గానీ, ఆయన ప్రత్యక్ష పర్యవేక్షణలో గానీ ఇవ్వాలి.

2014 మార్చిలో అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 (ప్రత్యేక నియంత్రణలో ఉన్న మందుల జాబితా) నిబంధన మరింత కఠినమైనది. సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్స్, క్షయ మందులు, ఆందోళన తగ్గించే అల్ప్రజోలం వంటివి అమ్మినప్పుడు చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, దానిని మూడేళ్లు భద్రపరచాలి. వీటి అట్టపై ఎర్ర అంచు గల పెట్టెలో హెచ్చరిక కనిపిస్తుంది.

జ్వరం రాగానే చీటీ లేకుండా రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు అడిగి తెచ్చుకునే అలవాటు నిజంగా ప్రమాదకరం. మందును భోజనానికి ముందు వేసుకోవాలా, తర్వాతా, ఎన్నాళ్లు వాడాలో ఫార్మసిస్టును నిస్సంకోచంగా అడగండి. బ్యాచ్ నంబరున్న బిల్లు తీసుకోండి.