లైబ్రేరియన్ల సంఘంలో చేరితే ఒరిగేదేమిటి? విశాఖ నుంచి నా అనుభవం

మధురవాడ వైపు ఒక ప్రైవేటు కళాశాలలో కొత్తగా లైబ్రేరియన్‌గా చేరానని, గ్రంథాలయ సంఘానికి కట్టే సభ్యత్వ రుసుము దండగేమోనని, వృత్తితో సంబంధం లేకపోయినా పుస్తకాలంటే ప్రాణం పెట్టే మీ మామగారు కూడా అందులో చేరవచ్చా అని మీరు అడిగారు. నేను ఈ నగరంలోనే ఒక కళాశాల గ్రంథాలయంలో 26 ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇద్దరూ చేరండి. అయితే జీతం పెరుగుతుందనో, ఉద్యోగం ఖాయమవుతుందనో ఆశ పెట్టుకుని మాత్రం చేరవద్దు. అవి సంఘం చేతిలో ఉన్న పనులు కావు.

కళాశాలలో ఏ శాఖ అధ్యాపకులకైనా సందేహం వస్తే పక్క కుర్చీలో అడగడానికి మనిషి ఉంటాడు. లైబ్రేరియన్ మాత్రం ఒక్కడే. అతని పని ఏమిటో ప్రిన్సిపాల్‌కు సరిగా తెలియదు, యాజమాన్యానికి అసలే తెలియదు. ఈ ఒంటరితనం ఎంత ఖరీదైనదో నాకు 2008లో తెలిసివచ్చింది. మా గ్రంథాలయంలో అప్పటికి సుమారు 23,000 పుస్తకాలు ఉండేవి. అంతకుముందు లెక్క చూసిన మూడేళ్ళకు ఆ ఏడాది జరిగిన స్టాక్ వెరిఫికేషన్‌లో, అంటే పుస్తకాలన్నీ సరిచూసే లెక్కలో, యాక్సెషన్ రిజిస్టరులో (కొన్న ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో రాసే పుస్తకం) నమోదై ఉండి బీరువాల్లో గాని, పాఠకులకు ఇచ్చిన ఖాతాలో గాని కనిపించని పుస్తకాలు 163 తేలాయి. వాటి ధర మొత్తాన్ని నా జీతం నుంచి వాయిదాలలో మినహాయిస్తామని యాజమాన్యం కాగితం పంపింది. పిల్లల ఫీజులు కట్టవలసిన జూన్ నెల అది.

అప్పటికి నేను సంఘంలో చేరి రెండేళ్ళయినా సమావేశాలకు వెళ్ళింది తక్కువ. ఆ నెల మాత్రం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలుసుకున్నప్పుడు నా గోడు వెళ్ళబోసుకున్నాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయ గ్రంథాలయంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన మరునాడే కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2005లోని 194వ నియమాన్ని జిరాక్సు తీయించి ఇచ్చారు. ఏడాదిలో పాఠకులు తీసుకువెళ్ళిన, అక్కడే కూర్చుని చదివిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 చొప్పున పోవడాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చునని, అందులో మోసం గాని నిర్లక్ష్యం గాని ఉండకూడదని, 1,000 రూపాయలకు మించిన ధర గల పుస్తకాలూ, అరుదైన పుస్తకాలూ పోతే మాత్రం తప్పనిసరిగా విచారణ జరపాలని అందులో ఉంది. ఇరవై వేలు దాటి యాభై వేల లోపు ఉన్న గ్రంథాలయాలలో మూడేళ్ళకొకసారైనా లెక్క చూడాలన్నదీ అక్కడే ఉంది. ఇప్పుడు 2017 నియమావళిలో ఇదే విషయం 215వ నియమంగా ఉన్నది. దాని నకలు తీసి మీ బల్ల సొరుగులో ఉంచుకోండి.

ఆ నియమాలు ప్రైవేటు కళాశాలను కట్టడి చేయవని, కాని కొలబద్దగా చూపించవచ్చునని కూడా ఆయనే హెచ్చరించారు. ఏడాదికి సుమారు 14,000 చొప్పున మూడేళ్ళలో 42,000 పుస్తకాలు పాఠకుల చేతుల్లోకి వెళ్ళినట్లు నా రోజువారీ ఇష్యూ లెక్కలు (పాఠకులకు ఇచ్చిన పుస్తకాల లెక్కలు) చూపించాయి. ఆ లెక్కన 210 వరకు సహజ నష్టమే. యాజమాన్యం మినహాయింపు మానుకుని, వెయ్యి రూపాయలు దాటిన ఆరు పుస్తకాలపై మాత్రం విచారణ జరిపింది. వాటిలో రెండు ఒక అధ్యాపకుని బల్ల సొరుగులోనే దొరికాయి! ఎవరూ అడగని ఇష్యూ లెక్క రాయడం వృథా శ్రమ అని అంతకుముందు నేనూ విసుక్కునేవాణ్ణి.

మీ మామగారి విషయానికి వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా గ్రంథాలయం కిటికీల అద్దాలు పగిలి రెండు వరసల బీరువాలు తడిసిపోయాయి. కరెంటు లేదు కనుక ఫ్యాన్లు తిరగవు. రెండు మూడు రోజులు దాటితే తడి కాగితానికి బూజు పట్టడం మొదలవుతుంది. ఆ సమయంలో పాత వార్తాపత్రికల కట్టలు మోసుకుంటూ వచ్చినవారిలో లైబ్రేరియన్లు ఇద్దరే, మిగిలినవారంతా సంఘంలో ఉన్న పాఠకులు. తడిసిన పుస్తకాన్ని బలవంతంగా విప్పకుండా నిలబెట్టి, కొన్ని పేజీలకొకటి చొప్పున పత్రిక కాగితం చొనిపి, నీడలో గాలికి ఆరబెట్టాము. నున్నని ఆర్ట్ పేపరు పుస్తకాలు అట్టలా అతుక్కుపోయాయి, వాటిని కాపాడలేకపోయాము.

పాఠకులు లేని లైబ్రేరియన్ల సంఘం మన ప్రాంతపు సంప్రదాయమే కాదు. ఈ ఊళ్ళో సరస్వతీ నిలయం అనే గ్రంథాలయం 1886లోనే వెలిసింది. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు ఈ పని నేర్పే విశ్వవిద్యాలయ కోర్సు ఇక్కడ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్ర డిప్లొమా 1935లో గాని రాలేదు. చిలకమర్తి గారు రచయిత, సంఘాన్ని నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పత్రికా సంపాదకులు. కాలువ గట్టు పల్లెలకు పడవలో పుస్తకాలు తీసుకువెళ్ళిన పాతూరి నాగభూషణం గారు కూడా జీతానికి ఆ పని చేయలేదు. వృత్తివాళ్ళు తరువాత వచ్చి చేరారు. అందుకే సంఘంలో పాఠక సభ్యులను వెనుక కుర్చీలలో కూర్చోబెట్టే ధోరణి కనిపిస్తే నాకు చిరాకు కలుగుతుంది.

రుసుము కట్టే ముందు మూడు విషయాలు అడగండి: సొసైటీల చట్టం కింద నమోదు అయిందా, సర్వసభ్య సమావేశం చివరిసారి ఎప్పుడు జరిగింది, ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా. జవాబు చెప్పడానికి నసిగితే ఆగిపోండి. సెమినార్ సర్టిఫికెట్లు పంచడం తప్ప మరో పని లేని సంఘాలూ ఉన్నాయి; అటువంటి చోట నేను రెండేళ్ళ రుసుము పోగొట్టుకున్నాను.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు మీ మామగారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. నాకు అక్కడ పనేమిటని ఆయన మొహమాటపడితే ఇంటి పన్ను రసీదు తెచ్చి చూపించండి. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ పన్నుతో పాటే రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఆయన ఎన్నో ఏళ్ళుగా కడుతూనే ఉన్నారు.