లండన్‌లో ఏ మ్యూజియంలు చూడాలి? అమ్మానాన్నలతో వచ్చేవాళ్లకు నా అనుభవంతో చెప్పే జవాబు

మీరు గుంటూరు నుంచి అమ్మానాన్నలతో, మెడిసిన్ చదివే తమ్ముడితో వారం రోజులకు లండన్ వస్తున్నానని రాశారు. నాన్నగారికి చరిత్ర అంటే ప్రాణమని, అమ్మగారికి మోకాళ్ల నొప్పులని, ఏ మ్యూజియంలు తప్పక చూడాలో, పాస్ లాంటిది కొనాలో వద్దో చెప్పమని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా మ్యూజియంలకు తీసుకెళ్లేది నేనే. కాబట్టి పేర్ల లిస్టు ఇచ్చి వదిలేయకుండా, ఎలా చూస్తే బాగుంటుందో కూడా చెబుతాను.

ముందు పాస్ సంగతి. మ్యూజియంల కోసమే అయితే అక్కర్లేదు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ, టేట్ మోడర్న్ అన్నీ ఉచితమే. 2001 డిసెంబర్ నుంచి జాతీయ మ్యూజియంలన్నిటిలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ తీసేశారు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే డబ్బు కట్టాలి. వచ్చే ముందు ఆన్‌లైన్‌లో ఫ్రీ టైమ్ స్లాట్ బుక్ చేసుకుంటే గేటు దగ్గర నిలబడాల్సిన టైమ్ తగ్గుతుంది.

ఉచితం కావడం వల్ల ఇంకో గొప్ప సౌకర్యం ఉంది. గంటలో బయటికి వచ్చేసినా డబ్బులు దండగైపోయాయన్న బాధ ఉండదు. మన వాళ్లు వచ్చినప్పుడు నేను పాటించే పద్ధతి కూడా ఇదే: పెద్ద మ్యూజియంలో ఒకటో రెండో గదులు, దగ్గర్లోనే ఉన్న చిన్న మ్యూజియం ఒకటి, ఆ రోజుకు అంతే. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులుంటే, బయట పెట్టినవి సుమారు 80 వేలు. ఆ 80 వేలైనా ఒక్కరోజులో చూసేద్దామని బయల్దేరితే మధ్యాహ్నానికి కాళ్లు పీక్కుపోతాయి, సాయంత్రానికి ఏం చూశామో గుర్తుండదు. అందరూ రొసెట్టా రాయి, మమ్మీలు చూసి వచ్చేస్తారు. అవి చూడొద్దనను, కానీ అక్కడ జనం ఎప్పుడూ కిటకిటలాడుతుంటారు.

మీరు గుంటూరు వాళ్లు కాబట్టి నేరుగా 33ఎ గదికి వెళ్లండి. అందులో ఉన్నవి అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు. చైనా, దక్షిణాసియా వస్తువులుండే పెద్ద హాలు 33. దాని చివర అద్దాల తలుపు వెనక ఈ గది ఉంటుంది. ఈ శిల్పాలు చెక్కిన పలనాటి సున్నపురాయి గాలిలో తేమకు తొందరగా పాడవుతుందని ప్రత్యేకంగా గది కట్టి, 1992లో అక్కడ ప్రదర్శనకు పెట్టారు. వెనకవైపు మాంటేగ్యూ ప్లేస్ ద్వారం నుంచి వెళ్తే దగ్గర. అప్పుడప్పుడు ఈ గది మూసి ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఆ రాళ్లు ఇక్కడికెలా వచ్చాయో నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్తగా అమరావతి పట్నం కట్టిస్తున్నప్పుడు, పక్కనే ఉన్న పాత స్తూపం దిబ్బను రాళ్ల కోసం తవ్వారు. ఆ సంగతి తెలిసి 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చి కొలతలు తీయించి, బొమ్మలు గీయించాడు. తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్ అనే ఇంకో కంపెనీ అధికారి తవ్వించి చాలా శిల్పాలను మద్రాసుకు పంపించాడు. వాటిలో కొన్నిటిని 1859లో ఓడలో లండన్‌కు తరలించారు. అవి 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ, కొన్ని అమరావతిలోని మ్యూజియంలోనూ ఉన్నాయి.

ఆ గదిలో స్తూపం బొమ్మ చెక్కిన పలక ముందు కాసేపు ఆగండి. ఇప్పుడు అమరావతిలో మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, ఉన్న చోట కనిపించేది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. ఒకప్పుడు అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈ పలకే ఆధారం. అందులో గుమ్మం దగ్గర సింహాలున్నాయి. వాటి వెనక వేదిక మీద వరసగా ఆయక స్తంభాలనే ఐదు నిలువు స్తంభాలు, ఆ పైన అండం, అంటే స్తూపం గుమ్మటం, దాని నిండా పూలదండల్లాంటి చెక్కడాలు, గాల్లో ఎగురుతూ నమస్కరిస్తున్న దేవతలు. స్తూపానికి తొడిగిన రాయి మీద అదే స్తూపం బొమ్మ చెక్కారన్నమాట. అలాంటి పలకల్లో ఒకటి రెండు వైపులా చెక్కినది. మొదటి వైపు క్రీ.పూ. 1వ శతాబ్దం పని. అందులో బుద్ధుడి రూపం లేదు, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపం బొమ్మ చెక్కారు.

సత్తెనపల్లి దగ్గర ఊరి నుంచి వచ్చిన మా మామయ్యను అక్కడికి తీసుకెళ్లాను. చిన్నప్పటి నుంచీ ఆయన అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్లారో లెక్కలేదు. ఆ స్తూపం పలక ముందు నిలబడి, సింహాల దగ్గర నుంచి పైదాకా ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ అత్తయ్యకు చెప్పారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇవి మన ఊళ్లో ఉండాల్సినవి కదా" అన్నారు చివరికి. నా అభిప్రాయమూ అదే. ఇవి కృష్ణ ఒడ్డున, ఆ దిబ్బ పక్కనే ఉంటేనే వాటికి పూర్తి అర్థం. అయినా ఇక్కడున్నంత కాలం తెలుగువాళ్లు వచ్చి చూడాలనీ, ఆ గదిలో మన మాట వినపడాలనీ నాకు గట్టిగా అనిపిస్తుంది. వీలైతే ప్రయాణానికి ముందు ఒక పూట మీరంతా అమరావతి వెళ్లి ఆ దిబ్బ చుట్టూ తిరిగి రండి. మీ ఊరికి దగ్గరే కదా. అది చూసి ఇక్కడికి వస్తే కళ్లు వేరుగా చూస్తాయి.

అదే రోజు, అక్కడి నుంచి రస్సెల్ స్క్వేర్ మీదుగా నడిచి వెళ్లగలిగే దూరంలో ఫౌండ్లింగ్ మ్యూజియం ఉంది. దీనికి టికెట్ ఉంది, సోమవారం సెలవు. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగి, 1739లో రాజు అనుమతి సంపాదించి, సాకలేని తల్లులు వదిలేసే పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టాడు. దాని చరిత్రే ఈ మ్యూజియం. బిడ్డను అప్పగించేటప్పుడు తల్లి ఏదో ఒక గుర్తు ఇచ్చి వెళ్లేది. ఎప్పుడైనా పరిస్థితి బాగుపడి తిరిగి వస్తే, ఆ గుర్తు చెప్పి తన బిడ్డను తను తీసుకెళ్లాలని. ఆ గుర్తులు అద్దాల పెట్టెలో ఉన్నాయి: పేరు చెక్కించిన నాణెం, ఒక బొత్తాం, ఒక గింజ పైచిప్ప. ఇవ్వడానికి వేరే ఏమీ లేని తల్లి ఆ చిప్పే ఇచ్చి ఉంటుంది. 1741 నుంచి 1760 వరకు చేర్చుకున్న పిల్లలు 16 వేలకు పైగా ఉంటే, తల్లులు తిరిగొచ్చి తీసుకెళ్లగలిగింది 152 మందినే. ఇంగ్లీషు రాని మా అత్తయ్యకు ఇదంతా తెలుగులో చెప్పాను. లండన్‌లో చూసినవాటిలో ఆవిడ ఇప్పటికీ తలుచుకునేది ఈ చోటునే. మీ అమ్మగారికి కూడా నచ్చుతుందని నా నమ్మకం. చిన్న భవనం, ఎక్కువ నడక లేదు.

ఇక మీ తమ్ముడి కోసం ఒక రోజు. హోబర్న్ స్టేషన్ దగ్గర లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అని ఒక పెద్ద పచ్చిక మైదానం ఉంది. దానికి ఒకవైపు హంటేరియన్ మ్యూజియం, ఎదురువైపు సర్ జాన్ సోన్ మ్యూజియం. రెండూ ఉచితం. హంటేరియన్‌కు ఆది, సోమవారాలు సెలవు, సోన్‌కు సోమ, మంగళవారాలు సెలవు. కాబట్టి బుధవారం నుంచి శనివారం లోపు వెళ్తే రెండూ దొరుకుతాయి.

హంటేరియన్ ఉన్నది రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ భవనంలో. పద్దెనిమిదో శతాబ్దపు సర్జన్ జాన్ హంటర్ సేకరించిన శరీరభాగాలు, జంతువుల అవయవాలు గాజు సీసాల్లో వరసలు వరసలుగా ఉంటాయి. చాలా ఏళ్లు మూసి ఉంచి 2023లో మళ్లీ తెరిచారు. ఈవ్లిన్ టేబుల్స్ అనే నాలుగు చెక్కపలకలను తమ్ముడు తప్పక చూడాలి. పదిహేడో శతాబ్దంలో ఇటలీలోని పాదువాలో మనిషి శరీరం నుంచి నరాలు, రక్తనాళాలు విడదీసి, పలక మీద పరిచి అతికించారు. టెక్స్ట్‌బుక్ డయాగ్రమ్‌లో ఎలా ఉంటాయో అలాగే, కాకపోతే నిజమైనవి. చార్లెస్ బర్న్ అనే చాలా పొడవైన ఐరిష్ మనిషి అస్థిపంజరం ఇక్కడ ఎన్నో ఏళ్లు ప్రదర్శనలో ఉండేది. తన శవాన్ని డాక్టర్ల చేతికి చిక్కకుండా సముద్రంలో వదిలేయమని అతను కోరుకున్నాడు. హంటర్ దాన్ని ఎలాగో సంపాదించాడు. మళ్లీ తెరిచినప్పుడు దాన్ని ప్రదర్శనలోంచి తీసేశారు. ఇన్నాళ్లకైనా ఆ పని చేసినందుకు నాకు సంతోషం. సీసాలు చూడలేనివాళ్లు ఆ గంటసేపు పార్కు బెంచీ మీద కూర్చోవచ్చు, అమ్మగారిని బలవంతపెట్టకండి.

ఎదురుగా ఉన్న సోన్ మ్యూజియం మాత్రం అందరికీ. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ భవనానికి ఆర్కిటెక్ట్‌గా పనిచేసిన సోన్ సొంత ఇల్లు అది. తను పోయాక ఇల్లు ఉన్నదున్నట్టు ఉంచాలని 1833లో పార్లమెంటులో చట్టమే చేయించాడు. ఒక్క గోడ కూడా ఖాళీగా ఉండదు. చిత్రాల గది చూడ్డానికి చిన్నదే, కానీ వందకు పైగా చిత్రాలున్నాయి. ఎలాగంటే, గోడలకు కీలున్న పెద్ద తలుపులు బిగించి వాటి రెండువైపులా చిత్రాలు తగిలించాడు. అక్కడి సిబ్బంది ఒక్కో తలుపూ పుస్తకంలో పేజీ తిప్పినట్టు తెరుస్తుంటే లోపల ఇంకో వరస బయటపడుతుంది. ఎప్పుడు తెరుస్తారో అడిగి ఆ టైమ్‌కి అక్కడుండండి. కింద నేలమాళిగలో ఈజిప్టు రాజు మొదటి సేటీ శవపేటిక ఉంది. బ్రిటిష్ మ్యూజియం ఆ ధరకు వద్దనుకుంటే, 1824లో సోన్ 2,000 పౌండ్లు పెట్టి కొన్నాడు. లోపల ఇరుకు కాబట్టి కొద్దికొద్దిమందినే పంపిస్తారు, బయట కాస్త క్యూ ఉంటుంది. పెద్ద బ్యాగులు తీసుకురావద్దు.

సౌత్ కెన్సింగ్టన్‌లో మూడు మహా మ్యూజియంలు పక్కపక్కనే ఉన్నాయని మూడూ ఒకే రోజు పెట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి. చిన్నపిల్లలు లేరు కాబట్టి మీకు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ చాలు. అందులోనూ కాస్ట్ కోర్ట్స్ అనే రెండు హాళ్లు. యూరప్‌లోని ప్రసిద్ధ శిల్పాలకు పందొమ్మిదో శతాబ్దంలో అచ్చుపోసిన ప్లాస్టర్ నమూనాలవి. రోములోని ట్రాజన్ స్తంభం నమూనా కప్పు కింద పట్టక రెండు ముక్కలుగా నిలబెట్టారు. రోములో ఉన్న అసలు స్తంభం మీద గాలికి, పొగకు అరిగిపోయిన వివరాలు కొన్ని ఈ అచ్చులోనే బాగా కనిపిస్తాయి. నేచురల్ హిస్టరీ మ్యూజియంలోకి మాత్రం ఒక్క పావుగంట వెళ్లి రండి. హాలు పైన వేలాడే 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరాన్ని చూస్తే చాలు.

చాలామందికి తెలియని చోటు ఒకటి చెబుతాను. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వి అండ్ ఎ) వాళ్లు 2025 మేలో ఒలింపిక్ పార్కులో వి అండ్ ఎ ఈస్ట్ స్టోర్‌హౌస్ అని తమ గోడౌన్‌నే జనానికి తెరిచారు. ఉచితం. అందులో ఉన్న వస్తువుల్లో ఐదింటి వరకు మనమే ఎంచుకుని, కనీసం రెండు వారాల ముందు ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే, బయటికి తీసి మన ముందు పెడతారు. కోరమాండల్ తీరంలో తయారైన పాత కలంకారీ బట్టలు వాళ్ల దగ్గర చాలా ఉన్నాయి. వాళ్ల కేటలాగ్‌లో వెతికి, బుక్ చేసుకునే వీలున్నవాటిని ఎంచుకోండి. బందరు కలంకారీ తెలిసిన అమ్మగారికి మూడొందల ఏళ్ల నాటి అద్దకం దగ్గరగా చూపించండి.

కోహినూర్ ఎక్కడని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే ఆ వజ్రం మ్యూజియంలో లేదు, టవర్ ఆఫ్ లండన్‌లో 1937 నాటి రాణి కిరీటంలో ఉంది. దానికి టికెట్ ఎక్కువే. కిరీటాల ముందు నడిచే పట్టీ మీద నిలబడితే అదే ముందుకు తీసుకుపోతుంది. రద్దీ లేకపోతే మళ్లీ వెనక్కొచ్చి ఎక్కండి, ఎవరూ ఏమీ అనరు.

మోకాళ్ల విషయం. పెద్ద మ్యూజియంలలో లిఫ్టులున్నాయి, చాలాచోట్ల తేలికపాటి మడత స్టూళ్లు ఇస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. లండన్ బ్రిడ్జి దగ్గర 1822 నాటి పాత ఆపరేషన్ థియేటర్ మ్యూజియం ఉంది. మత్తుమందు రాకముందు ఆపరేషన్లు చేసిన గది. తమ్ముడికి నచ్చుతుంది, కానీ పైకి వెళ్లే మెలికల మెట్లు చాలా ఇరుకు, అమ్మగారిని తీసుకెళ్లొద్దు. శుక్రవారం రాత్రి బ్రిటిష్ మ్యూజియం ఎనిమిదిన్నర వరకు, నేషనల్ గ్యాలరీ తొమ్మిది వరకు, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ పది వరకు తెరిచే ఉంటాయి. జనం తక్కువుంటారు కాబట్టి ఫౌండ్లింగ్ మ్యూజియం ముందే చూసేసి, 33ఎ గదికి శుక్రవారం సాయంత్రం వెళ్లడమే మంచిది, అది తెరిచి ఉందని చూసుకుని. మీరు వచ్చే తేదీలు ఇక్కడే రాస్తే ఏ రోజు ఏది పెట్టుకోవాలో సర్ది చెబుతాను.