తవ్వకాలంటే ప్రాణం, థియరీ పేపరే బుర్రకెక్కట్లేదు

ప్రశ్న: సార్, నేను ఎంఏ ఆర్కియాలజీ మొదటి సంవత్సరం. తవ్వకాలకి రమ్మంటే అందరికంటే ముందు రెడీ, కుండపెంకులు కడగమన్నా నంబర్లేయమన్నా విసుగు రాదు. థియరీ పేపర్ దగ్గరే ప్రాసెసువల్, పోస్ట్ ప్రాసెసువల్ అని పేర్లు తప్ప ఏమీ అర్థం కావట్లేదు. వస్తువు కళ్ళముందే ఉంటే సిద్ధాంతాలెందుకు? బట్టీ కొట్టేస్తే సరిపోతుందా?

జవాబు: బట్టీ కొడితే పాసవుతారేమో గానీ దయచేసి ఆ పని చెయ్యకండి. వస్తువు కళ్ళముందే ఉంది నిజమే, కానీ అది నోరు విప్పదు కదా, దాని తరఫున మాట్లాడేది మనమే. స్వీడన్‌లో బిర్కా అనే చోట 1878లో ఒక సమాధి తవ్వారు, కత్తి, గొడ్డలి, బాణాలు, డాళ్ళు, రెండు గుర్రాలు అన్నీ దొరికాయి, ఇంకేముంది ఇది వీరుడి సమాధి, మగవాడే అని రాసేశారు, వందేళ్ళకి పైగా అదే చెల్లింది. 2017లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి! మధ్యలో ఎముకలు చూసి అనుమానపడ్డవాళ్ళు ఉన్నా ఆ మాట పెద్దగా ఎక్కలేదు. ఇంకో సంగతి చూడండి, ఆడమనిషి అని తేలాక కొందరు, పక్కన ఆయుధాలు పెట్టినంత మాత్రాన ఆమె యుద్ధం చేసినట్టా అని అడిగారు. మంచి ప్రశ్నే, కానీ మగవాడు అనుకున్నన్నాళ్ళూ అది ఎవరికీ పెద్దగా తట్టలేదే! నాకు ఇప్పటికీ బాధనిపించేది అక్కడే. థియరీ పేపర్ నేర్పాల్సింది ఇదే, వస్తువు నుంచి మాటకి ఏ మెట్టు మీదుగా వచ్చామో వెనక్కి తిరిగి చూసుకోవడం.

ఇక ఆ పేర్లు. 1960లలో లూయిస్ బిన్‌ఫర్డ్ అనే పురావస్తు పండితుడు, ఊహలు చాలు, పరీక్షించి చూపించండి అన్నాడు, ప్రాసెసువల్ అంటే అదే, వేటగాళ్ళు ఏ ఎముకలు ఎక్కడ పడేస్తారో చూడ్డానికి అలాస్కాలో నునామియుట్ జనం దగ్గరికే వెళ్ళాడు. 1980లలో ఇయాన్ హాడర్ వాళ్ళు, బాగుంది కానీ ఆ మనుషులు ఆ వస్తువుకి ఏ అర్థం ఇచ్చుకున్నారో అది వదిలేస్తే ఎలా అన్నారు, అదే పోస్ట్ ప్రాసెసువల్. ఆయన 1993 నుంచి టర్కీలోని చాతల్‌హుయుక్‌లో తవ్వినప్పుడు, వ్యాఖ్యానం చివర్లో ఆఫీసులో కూర్చుని రాసేది కాదు, తాపీ పట్టుకున్న చోటే మొదలవుతుంది అని తవ్వేవాళ్ళ చేత డైరీలు రాయించాడు. నాకు ఇద్దరూ కావాలి, ఒకరిని పట్టుకుని ఇంకొకరిని తిట్టే జవాబులు దిద్దీ దిద్దీ అలిసిపోయాను.

మీ ట్రెంచ్ నోట్‌బుక్ తెరవండి, ఎక్కడో "పొయ్యి" అని రాసే ఉంటారు. మీరు చూసింది ఏంటి? కాలి ఎర్రబడ్డ మట్టి, బూడిద, బొగ్గు ముక్కలు. పొయ్యి అన్నది మీరు కలిపిన మాట. అలా ఒక పేజీ మొత్తం, చూసింది ఒకవైపు కలిపింది ఒకవైపు, విడదీసి రాయండి, తర్వాత బిన్‌ఫర్డ్ 1962 వ్యాసం చదవండి, పది పేజీలు కూడా ఉండదు. గైడ్లు ఆ తర్వాత చూద్దురుగాని.