దూలగొండి చూర్ణం కూడా మందే: పార్కిన్సన్స్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మామగారికి 67 ఏళ్లు. పార్కిన్సన్స్ అని తేలి మూడేళ్లయింది. లెవోడోపా 100, కార్బిడోపా 25 మిల్లీగ్రాములు ఉన్న మాత్ర రోజుకు మూడు వేసుకుంటారు. ఊరి నుంచి వచ్చిన బంధువు ఒకాయన దూలగొండి చూర్ణం ఇచ్చి వెళ్లారు. మూడు వారాలుగా పొద్దున, రాత్రి పాలలో చెంచాడు కలిపి తాగుతున్నారు. మొదట్లో వణుకు బాగా తగ్గింది. ఇప్పుడు మెడ, భుజాలు వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. న్యూరాలజిస్టుకు చెబితే కోప్పడతారని దాచాం.
– ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: ఈ రోజే ఫోన్ చేసి చెప్పేయండమ్మా. మీరు రాసినవి చూస్తే జబ్బు ముదిరినట్టు కాదు, మందు ఎక్కువైనట్టు ఉంది. మాత్రలో ఉన్న లెవోడోపానే దూలగొండి గింజలోనూ ఉంటుంది. 1937లో దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రవేత్తలే ఈ గింజల నుంచి దాన్ని వేరుచేసి చూపించారు. గింజ బరువులో ఇంచుమించు 4 నుంచి 6 శాతం అదే. చెంచాకు 5 గ్రాములు, అందులో 5 శాతం అనుకున్నా ఒక్క చెంచాలో 250 మిల్లీగ్రాములు. రెండు పూటలా కలిపి 500. మాత్రల ద్వారా వెళ్లేది 300. డాక్టరు రాసినదానికి రెండున్నర రెట్లకు పైగా లెవోడోపా మీ మామగారి ఒంట్లోకి వెళ్తోంది, అదీ డాక్టరుకు తెలియకుండా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పార్కిన్సన్స్‌లో మెదడులో తగ్గిపోయేది కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం. లెవోడోపా మెదడుకు చేరాక ఆ డోపమైన్‌గా మారాలి. లెవోడోపా మెదడుకు చేరకముందే పేగుల్లో, రక్తంలో డోపమైన్‌గా మారిపోతే వికారం పుడుతుంది, బీపీ పడిపోతుంది. అలా మారకుండా కాపలా కాయడమే కార్బిడోపా పని. చూర్ణంలో ఆ కాపలా లేదు. అయితే మాత్రలోని కార్బిడోపా ఒంట్లో ఉన్నంతసేపు చూర్ణంలోని లెవోడోపాను కూడా కాపాడుతుంది. అందుకే చూర్ణం ఒక్కటే తాగేవారికి పెద్దగా గుణం కనిపించని మోతాదు కూడా, మాత్రలతో కలిస్తే ఒంటిని మెలితిప్పేంత బలంగా పనిచేయగలదు.

ఫోన్ చేసే ముందు ఒక పని చేయండి. ఆయన్ని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడితే అదే మాట చెప్పండి. ఫోన్ చేశాక, చూర్ణం ఎన్ని గంటలకు, మాత్ర ఎన్ని గంటలకు, ఎన్ని చెంచాలు, మెలికలు ఎప్పుడు మొదలవుతున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి, ఇవన్నీ రెండు రోజులపాటు కాగితం మీద గంటల వారీగా రాసి, చూర్ణం డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చూర్ణం ఎలా తగ్గించాలో డాక్టరు చెబుతారు. భయపడి మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. లెవోడోపా ఉన్నట్టుండి ఆగిపోతే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. అది ప్రాణాపాయం.

దూలగొండి పనికిరాదని మేం అనం. 2004లో లండన్‌లో 8 మందికి 30 గ్రాముల దూలగొండి మందు ఇచ్చి మాత్రతో పోల్చి చూస్తే, గుణం తొందరగా కనిపించింది, ఎక్కువసేపు నిలిచింది. కానీ అది 8 మందిలో, ఒక్కో మోతాదుకు చూసిన ఫలితం. ఏళ్ల తరబడి వాడటానికి అదొక్కటే ఆధారం కాలేదు. పైగా ఆయుర్వేదంలో గింజలను పాలలో ఉడికించి, పొట్టు తీసి, శుద్ధి చేసి వాడతారు. ఊళ్లో దంచిన పొడిలో లెవోడోపా ఎంతుందో డబ్బా డబ్బాకూ మారుతుంది. వాడాలనుకుంటే పరిమాణం ముద్రించి ఉన్న మందునే, న్యూరాలజిస్టు, ఆయుర్వేద వైద్యుడు ఇద్దరికీ తెలిసేలా, మాత్రల మోతాదు సరిచూసుకుంటూ వాడాలి.

ప్రశ్న: మా అమ్మకు 70. కడుపుబ్బరానికి మందుల షాపువాళ్లు ఇచ్చిన గ్యాస్ మాత్ర ఏడు నెలలుగా వేసుకుంటోంది. ఇప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక మందగించింది. ఇది పార్కిన్సన్సేనా?
– ఒక ఉద్యోగి, అల్వాల్

జవాబు: ముందు ఆ మాత్ర అట్ట వెనక చదవండి. పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ అని ఉంటే అనుమానం దానిమీదే. అది మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లూనరిజిన్ కూడా ఇలాగే చేయగలవు. పార్కిన్సన్స్ మామూలుగా ఒక పక్కన మొదలవుతుంది. మందు వల్ల వచ్చేది చాలాసార్లు రెండు పక్కలా ఒకేసారి కనిపిస్తుంది. డాక్టరు సలహాతో ఆ మాత్ర మానేశాక చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు అసలు జబ్బు కోసం చూడాలి.

మూలికల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. బీపీకి, నిద్రకు ఇచ్చే సర్పగంధ వేరులో రిసర్పిన్ ఉంటుంది. అది మెదడులోని డోపమైన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. లెవోడోపా ఇస్తే మళ్లీ లేచాయి. దూలగొండి నింపేదాన్ని సర్పగంధ తోడేస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవారు సర్పగంధ జోలికి వెళ్లకూడదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పొద్దున ఏడున్నరకు పెసరట్టు తిని, గ్లాసెడు పాలతో మాత్ర వేసుకుంటాను. పది గంటలైనా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాను. మధ్యాహ్నం మాత్ర మాత్రం బాగానే పనిచేస్తోంది.
– కూకట్‌పల్లి

జవాబు: చిక్కంతా పెసలు, పాలతోనే మాస్టారూ. ప్రోటీన్ అరిగి వచ్చే అమైనో ఆమ్లాలూ, లెవోడోపా పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి ఒకే దారిన వెళ్లాలి. దారి ఇరుకైతే మాత్రే వెనకబడుతుంది. రాత్రే మాత్ర, నీళ్ల గ్లాసు మంచం పక్కన పెట్టుకోండి. ఆరింటికి నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, ముప్పావు గంట ఆగి టిఫిన్ చేయండి. ఉప్మా అయితే మరీ మంచిది. పరగడుపున వికారంగా ఉంటే సగం అరటిపండు తినండి, పాలు వద్దు. పప్పు, గుడ్డు, మాంసం మానేయకండి, కండ కరిగిపోతుంది. వాటిని ఎక్కువగా రాత్రి భోజనానికి జరపండి. ఐరన్ మాత్ర ఉంటే రెండు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం, కడుపు నిదానంగా ఖాళీ అవడం కూడా మాత్రను ఆలస్యం చేస్తాయి, అవీ డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: గుమ్మం దగ్గరకు రాగానే నాన్న కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. చెయ్యి పట్టి లాగితే ముందుకు తూలుతున్నారు.
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లాగొద్దు. ఒళ్లు ముందుకు వస్తుంది, పాదాలు రావు, పడిపోతారు. ముందు ఆగమనండి. నిటారుగా నిలబడి, బరువు ఎడమకూ కుడికీ రెండుసార్లు మార్చి, "ఒకటి, రెండు, మూడు" అంటూ పెద్ద అడుగు వేయాలి. కంటికి ఒక గీత కనిపిస్తే మెదడు వేరే దారిలో కాలిని కదిలిస్తుంది. అందుకే గుమ్మానికి అటూ ఇటూ నేల మీద మూరెడు ఎడంలో రంగు టేపులు అడ్డంగా అంటించండి, టేపు దాటి అడుగు పడాలి. మీ గడప ఎత్తు తక్కువైతే దాని మీది పసుపు గీతే చాలు, దాన్ని దాటమని చెప్పండి. ఇరుకు బాత్‌రూమ్‌లో పాదం మీద గిర్రున తిరగకుండా, చిన్న అడుగులతో అర్ధచంద్రంలా తిరగాలి. ఆ సమయంలో ఆయనతో మాట్లాడకండి.

ప్రశ్న: మాత్రలతో పాటు ఆయుర్వేదంలో ఏవి నిర్భయంగా వాడుకోవచ్చు?
– ఎల్బీనగర్

జవాబు: ఆయుర్వేదం దీన్ని కంపవాతం అంటుంది. బిగుసుకుపోయిన కండరాలకు అభ్యంగనం హాయినిస్తుంది. క్షీరబల తైలమో, మహానారాయణ తైలమో, మామూలు నువ్వుల నూనె అయినా గోరువెచ్చగా 20 నిమిషాలు మర్దన చేస్తే చాలు. అయితే ఆ తర్వాత నూనె పాదాలతో బాత్‌రూమ్‌కు నడవనివ్వకండి. బీపీ పడేవారికి ఆవిరి స్నానం వద్దు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచిదే, కానీ నిండు గ్లాసు నీళ్లతో, లెవోడోపాకు రెండు గంటల ఎడంలో తీసుకోవాలి. మింగడం కష్టమైనవారికి అది గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది, ఇవ్వొద్దు. పాదరసం కలిసే రసౌషధాలను పట్టా ఉన్న వైద్యుడు రాయకుండా ముట్టుకోకండి. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు న్యూరాలజిస్టు చీటీ వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: మెదడులో తీగలు పెట్టే ఆపరేషన్ అందరికీ పనిచేస్తుందా?
– బోయిన్‌పల్లి

జవాబు: లేదు. మాత్రకు బాగా స్పందిస్తూ, దాని పని మధ్యమధ్యలో ఆగిపోతున్నవారికి, మెలికలు ఎక్కువైనవారికి పనికొస్తుంది. మాత్రతో తగ్గనిది, ఒక్క వణుకు తప్ప, ఆపరేషన్‌తోనూ చాలావరకు తగ్గదు. మతిమరుపు బాగా ఉన్నవారికి చేయరు. పంజాగుట్ట నిమ్స్‌లో ఈ ఆపరేషన్ చేస్తారు. ముందుగా ఆ పూట మాత్ర ఆపి ఒకసారి, వేసి ఒకసారి కదలికలు పరీక్షిస్తారు. ఆ రెండింటి మధ్య తేడా ఎంతుందో చూశాకే నిర్ణయిస్తారు.