పిల్లి సంగతి సరే, మీ వారి సంగతి చూడండి

గాజువాక నుంచి ఒక సోదరి రాశారు. ఆరు నెలల కిందట జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చి పెంచుకుంటున్న పిల్లి, దీపావళి నాడు టపాసులకు బెదిరి, మరునాటి సాయంత్రం దాకా బీరువా వెనుక నుంచి బయటకు రాలేదట. ఇప్పుడు సంక్రాంతికి నాలుగు రోజులు శ్రీకాకుళం దగ్గరి అత్తవారి ఊరికి వెళ్లాలి. ఇంట్లో పిల్లి అపశకునమని, పండగలోపు దానిని వదిలించుకోమని అత్తగారు అన్నారు. భర్త "నీ ఇష్టం" అన్నారు. తిరిగి ఇచ్చేయడమే మంచిదా అని ఆమె అడుగుతున్నారు.

ఇవ్వనక్కరలేదమ్మా. ఒకసారి ఇల్లు లేక దిక్కులేనిదైన ప్రాణిని మళ్లీ అక్కడికే పంపడం నాకు సమ్మతం కాదు. ఊరికీ తీసుకువెళ్లకండి; తెలియని ఇంట్లో, భోగి మంటల సందడిలో, తలుపు ఒక్క క్షణం తెరిచి ఉన్నా అది బెదిరి పారిపోతుంది. పిల్లికి అలవాటైన పొరుగింటివారికి తాళం ఇచ్చి, రెండు పూటలా వచ్చి తిండి, నీళ్లు పెట్టి, ఇసుక తొట్టె శుభ్రం చేసి, కాసేపు దాని దగ్గర కూర్చోమనండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కలిపిన అన్నం పెట్టవద్దని, నలతగా ఉందని పారాసిటమాల్ అసలే వేయవద్దని గట్టిగా చెప్పండి. మనకు జ్వరం తగ్గించే ఆ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. రోజంతా ఏమీ ముట్టకపోతే పశువైద్యునికి చూపించాలి, ఎందుకంటే రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయం దెబ్బతింటుంది.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం వేరే ఉంది. మూడేళ్ల కిందట పాప కోసం బడిలో ఉద్యోగం మానమని అత్తగారు అన్నప్పుడూ మీ వారు "నీ ఇష్టం" అన్నారని, మీరు మానేశారని ఒక చివర రాసి వదిలేశారు. మీ అత్తగారిని నేను తప్పు పట్టను; ఆవిడ తన నమ్మకాన్ని దాచకుండా చెప్పారు. కానీ పిల్లిని తెచ్చుకున్న కాగితం మీద మీతో పాటు సంతకం చేసిన మనిషి, ఇప్పుడు తన తల్లికి చెప్పవలసిన జవాబును మీ మీదకు నెట్టి తప్పుకుంటున్నారు. ఇచ్చేస్తే ఏడ్చేది మీరు, ఇవ్వకపోతే పండగ నాలుగు రోజులూ మాట పడేదీ మీరే. తల్లికి కొడుకే చెప్పుకోవాలి. ఆ పని కోడలికి వదిలేసిన కొడుకు భార్యను తన ఇంట్లోనే పరాయిదానిని చేస్తున్నాడని నేను నమ్ముతాను.

కాబట్టి ప్రయాణం ఖాయం చేసుకునే ముందే, పాప ఎదుట కాకుండా, ఆయనను కూర్చోబెట్టి ఉద్యోగం నాటి సంగతితో మొదలుపెట్టి మాట్లాడండి. "పిల్లి మా ఇద్దరి నిర్ణయం, అది ఇంట్లోనే ఉంటుంది" అని ఆయనే తల్లికి ఫోను చేసి చెప్పాలి. ఆ మాట మీరు చెప్పవద్దు. ఆయన చేయలేనంటే భోగికి ఆయనను ముందుగా పంపి, మీరూ పాపా సంక్రాంతి ఉదయం బయలుదేరండి. మీరు ఆయనతో కలిసి రాకపోవడానికి కారణం తల్లి అడిగినప్పుడైనా ఆయన నోరు విప్పవలసి వస్తుంది.